ఈజింగ్టన్ కొలియరీ: గని మూతపడిన ఈ ఊరి గురించి తెలిసినవారు చెప్పగలరా?

కృష్ణాతీరం | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండు వచ్చి ఎనిమిది నెలలయింది. వృద్ధుల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించడం, మందులు వేయడం, భోజనం పెట్టడం నా పని. పోయిన నెల నుంచి నన్ను డర్హమ్ కౌంటీలో సముద్రం ఒడ్డునున్న ఈజింగ్టన్ కొలియరీ అనే ఊరికి వేశారు. ఎర్ర ఇటుకల ఇళ్లు ఒకదానికొకటి అంటుకుని బారులు తీరి ఉంటాయి. ఒక బారులో వీధుల పేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. చాలా దుకాణాలకు ఇనుప తలుపులు దించేసి ఉన్నాయి. ఊరి పేరులో కొలియరీ, అంటే బొగ్గు గని, ఉంది కానీ గని జాడ ఎక్కడా లేదు.

నేను రోజూ వెళ్లే ఇంట్లో 84 ఏళ్ల పెద్దాయన ఉన్నారు. 15వ ఏట గనిలో దిగారట. గని మూసేనాటికి 52 ఏళ్లట. ఆయన నుదుటి మీద, చేతుల మీద నీలిరంగు గీతలుంటాయి. మొదట పచ్చబొట్లనుకున్నాను. కిటికీ గట్టు మీద ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దాని మీద అంకెలు. అన్ని పనులూ అయ్యాక "ఆ బిళ్ళ కూడా ఒకసారి తుడిచి వెళ్లమ్మా" అంటారు. అది ఏమిటో అడగడానికి నాకు మొహమాటంగా ఉంది. ఈ ఊరి సంగతి తెలిసినవారు చెబితే, ఆయనతో మాట్లాడేటప్పుడు తెలియనిదానిలా కూర్చోకుండా ఉంటాను.

బొగ్గుట్ట | శనివారం, రాత్రి 10:40

అమ్మా, నేను సింగరేణిలో 31 ఏళ్లు భూగర్భంలో పనిచేసి ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టు పని చూసే పర్యవేక్షకుడిగా, రిటైరయ్యాను. మాది ఇల్లందు. మా వైపు దాన్ని బొగ్గుట్ట అనే పిలుస్తారు, నా పేరు అక్కడినుంచి వచ్చిందే.

ఆ నీలి గీతలు పచ్చబొట్లు కావు. గనిలో దెబ్బ తగిలితే, గాయం కడిగేలోపే బొగ్గు పొడి లోపలికి పోతుంది. పైన చర్మం మూసుకుపోతుంది, పొడి లోపలే ఉండిపోతుంది. నా ఎడమ మోచేతి మీద అలాంటిది ఒకటుంది. నా మనవరాలు వేలితో రుద్ది చెరపాలని చూసేది.

ఆ బిళ్ళ టోకెన్. పని మొదలయ్యే ముందు ప్రతి మనిషికీ తన నంబరు బిళ్ళ ఇస్తారు. షిఫ్టు అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. బిళ్ళలు తగిలించే బోర్డు మీద ఒక కొక్కెం ఖాళీగా ఉందంటే, ఆ నంబరు మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ప్రమాదం జరిగిన రోజు లోపల ఎవరెవరున్నారో తేల్చి చెప్పేది ఆ బిళ్ళలే. అందుకే గనివాడు దాన్ని నాణెంలా చూడడు. మొహమాటపడకుండా అడుగమ్మా, ఆయన చెబుతారు.

ఇంకొక మాట. మా గనుల్లో బొగ్గు తీసే పద్ధతిని "బోర్డ్ అండ్ పిల్లర్" అంటాం. దారులు తవ్వుకుంటూ పోయి, మధ్యలో బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తాం, పైకప్పు వాటి మీద నిలుస్తుంది. ఆ "బోర్డ్" అనే మాట మీరున్న ఆ ఈశాన్య ఇంగ్లండు గనులదే. ఓవర్‌మన్ అన్న నా హోదా కూడా అక్కడి గనుల మాటే. బొగ్గు తీసేసిన ఖాళీని ఆయన "గోఫ్" అంటారేమో చూడండి, మేమూ అదే అంటాం.

వియర్ ఒడ్డున | ఆదివారం, ఉదయం 8:05

నేను డర్హమ్‌లో చరిత్ర చదువుతున్నాను. కృష్ణాతీరం గారూ, ముందుగా ఒకటి గమనించండి. ఈజింగ్టన్‌లు రెండున్నాయి. కొంచెం లోపలికి, గుట్ట మీద పాత చర్చి ఉన్నది ఈజింగ్టన్ గ్రామం. దానికి వందల ఏళ్ల చరిత్ర ఉంది. మీరున్న ఈజింగ్టన్ కొలియరీ పూర్తిగా గని కోసం పుట్టిన ఊరు. 1899లో షాఫ్టు, అంటే గనిలోకి నిలువుగా దిగే బావి, తవ్వడం మొదలుపెట్టారు. డర్హమ్ కౌంటీ పడమటి భాగంలో బొగ్గు పైపైనే దొరుకుతుంది, ఇక్కడ మాత్రం సున్నపురాయి పొరల కింద లోతుగా ఉంది. ఆ పొరల నిండా నీళ్లు. చివరికి నేలను గడ్డకట్టించి తవ్వాల్సి వచ్చింది. మొదటి బొగ్గు పైకి వచ్చేసరికి 1910 అయింది. తర్వాత సొరంగాలు తీరం దాటి ఉత్తర సముద్రం కిందికి మైళ్ల కొద్దీ సాగాయి.

మీరు చూసే ఇళ్ల బారులన్నీ కంపెనీ తన కార్మికుల కోసం కట్టినవే. ఒకే అక్షరంతో పేర్లు పెట్టడం కూడా అందుకే, ఒక్కసారిగా ఇన్ని వీధులు లేచినప్పుడు పేర్లు వెతికే తీరిక ఎవరికుంటుంది? పక్కనే ఉన్న హోర్డెన్‌లో అదీ లేదు, ఒకటో వీధి, రెండో వీధి అంటూ అంకెలే.

1947 జనవరి 1న గనులు జాతీయమయ్యాయి. ఇకపై ఈ గనిని ప్రజల తరఫున నడుపుతున్నామని ప్రతి గని దగ్గరా బోర్డులు పెట్టారు. దాన్ని కార్మికులు నిజంగా నమ్మారు. అయిదేళ్లు తిరగకముందే ఈజింగ్టన్‌లో ఏం జరిగిందో బొగ్గుట్ట గారు చెబితేనే బాగుంటుంది.

కృష్ణాతీరం | ఆదివారం, సాయంత్రం 6:30

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఈరోజు టోకెన్ గురించి అడిగాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 1951 గురించి చెప్పారు. అప్పటికి ఆయనకు పదేళ్లు. తెల్లవారి లేచేసరికి వీధిలో మగవాళ్లు ఎవరూ లేరట, అందరూ గని గేటు దగ్గరికి పోయారట. ఆ వారంలో తమ వీధిలో మనిషి పోయారని ఏ ఇంటి కిటికీకి తెరలు దించి ఉందో ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. 74 ఏళ్లయినా ఆ వరుస ఆయనకు తప్పలేదు.

బొగ్గుట్ట | ఆదివారం, రాత్రి 9:20

1951 మే 29. తెల్లవారుజామున 4:35. "డక్‌బిల్" అని పిలిచే విభాగంలో పేలుడు. 81 మంది కార్మికులు పోయారు. వాళ్లను వెతకడానికి దిగిన రక్షణ దళంలో ఇద్దరు. మొత్తం 83.

బొగ్గులోంచి మీథేన్ వాయువు వస్తూనే ఉంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రోజు బొగ్గు కోసే యంత్రం పళ్లు పైరైట్ రాయికి తగిలి రవ్వలు లేచాయి. మొదటి పేలుడు చిన్నదే అయినా, ఆ ఊపుకు దారుల్లో పేరుకున్న బొగ్గు పొడి గాలిలోకి లేస్తుంది. అదంతా అంటుకుంటూ పోతుంది. మంట అందనివాళ్లను వెనక వచ్చే కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది. పైగా అది ఒక షిఫ్టువాళ్లు ఇంకా పైకి రాకముందే రెండో షిఫ్టువాళ్లు చేరుకున్న సమయం. రెండు షిఫ్టుల మనుషులూ ఒకేచోట దొరికిపోయారు.

దీన్ని ఆపడానికే దారుల్లో సున్నపురాయి పొడి చల్లుతాం. బొగ్గు పొడితో కలిసి లేచి అది మంటను చంపుతుంది. నా చేత్తో ఎన్ని బస్తాలు చల్లించానో లెక్కలేదు. కుర్రవాళ్లు విసుక్కునేవారు. ఆ పొడి అక్కడ అలా ఉండాలన్న నియమం వెనక ఇలాంటి ఊళ్లు ఎన్నో ఉన్నాయి.

సూటిమాట | సోమవారం, మధ్యాహ్నం 1:15

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా మనసులో ఉన్నది చెబుతున్నాను. ఒక్క తెల్లవారుజామున 83 మంది చనిపోయిన చోటు అది. బతికినవాళ్ల ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆ పొగతో భూమి వేడెక్కింది. అలాంటి గని మూతపడితే సంతోషించాలి కదా? బ్రిటన్‌లో చివరి లోతు గని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూసేశారు, చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న ఆగింది. ఇది మంచి వార్త. మూతపడ్డ గని కోసం కన్నీరు పెట్టడం నాకు అర్థం కాదు. థాచర్ ఈ గనిని మూసేసి ఆర్థికంగా సరైన పనే చేశారేమో అనిపిస్తుంది.

వియర్ ఒడ్డున | సోమవారం, సాయంత్రం 7:50

సూటిమాట గారూ, ఒక సవరణ. ఈజింగ్టన్ మూతపడింది 1993 మేలో. అప్పటికి థాచర్ దిగిపోయి రెండేళ్లు దాటింది, ప్రధాని జాన్ మేజర్. 1992 అక్టోబరు 13న ఆయన ప్రభుత్వంలోని మంత్రి మైకేల్ హెసెల్టైన్ 31 గనులు మూసేస్తామని, దాదాపు 30,000 ఉద్యోగాలు పోతాయని ప్రకటించారు. ఈజింగ్టన్ ఆ కెరటంలో పోయింది, 1,400 మంది పని పోయింది. ఇంకొకటి, గనుల సంఖ్య చూస్తే థాచర్ కాలంలో కన్నా 1960లలో హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వ కాలంలో ఎక్కువ మూతపడ్డాయి.

అయితే 1960లలో ఒక గని పోతే కార్మికుడు తీరంలోని ఇంకో గనికి బస్సు ఎక్కేవాడు. 1993లో ఎక్కడానికి బస్సే లేదు. అదే ఏడాది డిసెంబరులో సండర్‌లాండ్‌లోని వియర్‌మౌత్ గని కూడా మూసేశారు, డర్హమ్ బొగ్గు క్షేత్రంలో చివరి లోతు గని అదే. ఇప్పుడు దాని మీద ఫుట్‌బాల్ మైదానం ఉంది, బయట గనివాళ్లు వాడే డేవీ రక్షణ దీపం పెద్ద బొమ్మ నిలబెట్టారు.

ఎవరూ బొగ్గు కోసం ఏడవడం లేదండీ. ఒక ఊరికి పని ఒక్కటే దిక్కుగా పెట్టి, ఆ ఒక్కటీ తీసేసేటప్పుడు ఇంకేదీ చేతిలో పెట్టకుండా పోవడం గురించి మాట్లాడుతున్నాం. ఇది వాళ్లకు కొత్త కూడా కాదు. 1951లోనే, ఆ పేలుడు జరిగిన ఏడాదే, డర్హమ్ కౌంటీ ప్రణాళికలో ఊళ్లకు ఎ, బి, సి, డి అని తరగతులు పెట్టారు. "డి" తరగతిలో 114 ఊళ్లు. వాటిలో ఇక కొత్త ఇల్లు కట్టరు, కాలువ వేయరు, మెల్లగా ఖాళీ అయిపోవాలి. ఆ ఊళ్లవాళ్లు పోరాడారు, చాలా ఊళ్లు నిలబడ్డాయి. నా సహాధ్యాయి వాళ్ల నాయనమ్మది అలాంటి "డి" ఊరే. మా ఊరికి మార్కులు వేశారని ఆమె ఇప్పటికీ బాధగా చెబుతుందట.

పాత డాక్టరు | సోమవారం, రాత్రి 11:05

నేను 1981లో ఈ తీరానికి డాక్టరుగా వచ్చాను. గుంటూరు వైద్య కళాశాల నుంచి నేరుగా ఈ చలిలోకి. ఆ రోజుల్లో ఈ గని ఊళ్లకు స్థానిక డాక్టర్లు రావడానికి ఇష్టపడేవారు కాదు, అందుకే మనవాళ్లు చాలామంది ఇటు చేరారు.

మొదటి చలికాలంలో నాకు అర్థమైన విషయం, ఈ మగవాళ్లు నొప్పి గురించి చెప్పరు. మేడమెట్లు ఎక్కుతూ ఎన్నిసార్లు ఆగుతున్నారని అడగాలి. "నాలుగో మెట్టు దగ్గర ఒకసారి, పైన ఒకసారి" అంటే ఊపిరితిత్తుల సంగతి తెలిసిపోయేది. దాన్ని వాళ్లు "దుమ్ము" అనేవారు, అంతే. ఆయనకు దుమ్ముంది అంటే అందరికీ అర్థమయ్యేది.

1984 మార్చిలో గనుల మూసివేతకు వ్యతిరేకంగా కార్మికుల సమ్మె మొదలైంది, 1985 మార్చి 3న ముగిసింది. ఏడాది పాటు జీతం లేదు. ఆడవాళ్లు వంటశాల నడిపారు. బంగాళదుంపలు తొక్క తీస్తున్న చేతులు చూశాను, ఆ చేతులే సాయంత్రం సభలో మైకు పట్టుకుని మాట్లాడేవి. ఆగస్టులో ఒకే ఒక్క కార్మికుడిని లోపలికి పనికి పంపడానికి పోలీసులు ఊరినే కమ్మేశారు. మరుసటి వారం రక్తపోటు చూపించుకోవడానికి వచ్చిన ఒక ముసలావిడ, "నా ఇంటికి నేను వెళ్తుంటే ఎవరివి నువ్వు అని అడిగారు డాక్టర్" అంది. ఆమెకు కోపం కన్నా అవమానం ఎక్కువ. పోలీసులంటే అంతవరకూ గౌరవమున్న ఊరు ఇది. ఆ గౌరవం మళ్లీ పూర్తిగా రాలేదు.

గని మూశాక నా గదికి వచ్చే రోగుల తీరే మారిపోయింది. అంతకుముందు విరిగిన వేళ్లు, నలిగిన వెన్నెముకలు. తర్వాత నిద్ర పట్టదు, తాగుడు ఎక్కువైంది, కొడుకు మాట వినడు. వెన్నుకు కట్టు కట్టగలను, వీటికి ఏం కట్టు కట్టను?

దుమ్ము జబ్బుకు పరిహారం 1990ల చివర్లో కోర్టు తీర్పు తర్వాత గానీ రాలేదు. కాగితాలు నింపి ఇచ్చే కొందరు లాయర్లు ఆ పరిహారంలోంచి కూడా కోత వేసుకున్నారు. గని కార్మికుల పింఛను నిధి సంగతి చెప్పాలంటే, మిగులులో సగం దశాబ్దాలుగా ప్రభుత్వానికే పోయింది. 2024 అక్టోబరు బడ్జెట్లో 150 కోట్ల పౌండ్ల నిల్వను కార్మికులకు తిరిగి ఇచ్చారు, పింఛను 32 శాతం పెరిగింది. నా రోగుల్లో అది చూడకుండా పోయినవాళ్ల సంఖ్య నాకు తెలుసు. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

సూటిమాట | మంగళవారం, ఉదయం 8:30

డాక్టరు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. థాచర్ విషయంలో నేను పొరబడ్డాను, సరిదిద్దినందుకు వియర్ ఒడ్డున గారికి కృతజ్ఞతలు. బొగ్గు మానేయాలన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ ఎలా మానేయాలో ముందే ఆలోచించి ఉండాల్సిందని ఒప్పుకుంటున్నాను. మరి సింగరేణి సంగతి ఏమిటి బొగ్గుట్ట గారూ? మనవైపు కూడా ఒకరోజు ఇదే వస్తుంది కదా?

బొగ్గుట్ట | మంగళవారం, మధ్యాహ్నం 12:10

వస్తోంది బాబూ. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులం. ఇప్పుడు 40,000 చుట్టూ ఉన్నారు. బొగ్గు తగ్గలేదు, పెరిగింది. భూగర్భం తగ్గి ఓపెన్‌కాస్టు వచ్చింది, మనిషి బదులు యంత్రం వచ్చింది. మా ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైంది, సింగరేణి పుట్టిల్లు అది. సాయంకాలం షిఫ్టు వదిలితే బజారులో నడవడానికి సందుండేది కాదు. ఈ మధ్య వెళ్లినప్పుడు అదే బజారులో నా చెప్పుల చప్పుడు నాకు వినిపించింది. ఈజింగ్టన్ గురించి చదువుతుంటే, ఇదంతా నాకు పరాయి దేశం సంగతిలా లేదు.

సముద్రపు గాలి | మంగళవారం, రాత్రి 8:45

నేను సండర్‌లాండ్‌లో ఉంటాను, వారాంతాల్లో ఆ తీరం వెంట నడుస్తాను. కృష్ణాతీరం గారూ, గని జాడ లేదన్నారు, ఉంది. రైలు పట్టాలు దాటి సముద్రం వైపు వెళ్లండి. గడ్డి మైదానంలా కనిపించేదే పాత గని ఆవరణ. గుట్ట మీద ఒక ఇనుప పంజరం నిలబెట్టి ఉంటుంది. కార్మికులను కిందికి దింపిన లిఫ్టు అదే. దాని పక్కన నిలబడితే ముందు సముద్రం తప్ప ఏమీ ఉండదు.

దిగువన ఇసుకను చూడండి. దశాబ్దాల పాటు గని వ్యర్థాలను కన్వేయర్లతో కొండ అంచు నుంచి నేరుగా సముద్రంలోకి పోశారు. తీరమంతా నల్లబడిపోయింది. పక్కనున్న హోర్డెన్ తీరాన్ని 1988లో నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థ ఒక్క పౌండుకు కొంది. ఆ సంస్థ కాపాడుతున్న తీరంలో 500వ మైలు అదే. 1997 నుంచి 2002 వరకు కోటి పౌండ్ల ఖర్చుతో లక్షల టన్నుల వ్యర్థం ఎత్తేశారు. మిగిలినదాన్ని అలలు కోస్తున్నాయి. ఇప్పటికీ కొన్నిచోట్ల అడుగు వేస్తే నల్ల గులకరాయి, తుప్పురంగు నీళ్లు. కొండ అంచున మాత్రం సున్నపు నేలలో పెరిగే అడవిపూలు విరగబూస్తాయి.

సూటిమాట గారికి ఒక విషయం. గనులు మూసి పంపులు ఆపేస్తే నీళ్లు మెల్లగా పైకి ఎక్కుతాయి. తాగునీటి పొరల్లో కలవకుండా హోర్డెన్‌లో, డాడన్‌లో ఆ నీటిని తోడి శుద్ధి చేస్తున్నారు. ఆ నీళ్లు వెచ్చగా ఉంటాయి. గేట్స్‌హెడ్‌లో అలాంటి గని నీటి వేడితో 2023 నుంచి ఇళ్లకు, కార్యాలయాలకు వెచ్చదనం ఇస్తున్నారు. ఆ గనులు మళ్లీ ఊళ్లను వెచ్చగా ఉంచుతున్నాయి, ఈసారి పొగ లేకుండా.

కృష్ణాతీరం | బుధవారం, ఉదయం 6:10

ఇవన్నీ చదువుతుంటే ఊరు వేరేలా కనిపిస్తోంది. ఒక భయం కూడా ఉంది, అడిగేస్తాను. 2024 వేసవిలో హార్ట్‌పూల్‌లో, సండర్‌లాండ్‌లో వలసవచ్చినవారికి వ్యతిరేకంగా అల్లర్లు జరిగాయి కదా. నేను సాయంత్రం చీకట్లో ఒంటరిగా బస్సుకు నిలబడతాను. ఇక్కడే ఇల్లు తీసుకోవచ్చా? అద్దెలు తక్కువ.

పాత డాక్టరు | బుధవారం, రాత్రి 10:20

అమ్మా, నీ భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. ఆ వారం నా భార్య కూడా దుకాణానికి వెళ్లలేదు. మూడో రోజున మా పక్కింటాయన, మాజీ గనివాడే, తలుపు కొట్టి పాలు, రొట్టె ఇచ్చి వెళ్లాడు. రెండూ ఈ నేల మీదే జరిగాయి. చీకటి పడ్డాక ఒంటరిగా నిలబడే పని తగ్గించుకోవడానికి షిఫ్టు మార్చమని అడుగు, అది నీ హక్కు. ఇల్లు తీసుకునేముందు గోడల చెమ్మ చూడు. ఎక్కడో దూరాన ఉండి చవకగా కొని, మరమ్మతు చేయకుండా అద్దెకిచ్చే యజమానులు ఈ వీధుల్లో చాలామంది. 2020లో హోర్డెన్‌లో రైల్వే స్టేషను తెరిచారు, అది నీకు పనికొస్తుంది.

వియర్ ఒడ్డున | గురువారం, సాయంత్రం 5:00

జూలై రెండో శనివారం సెలవు పెట్టుకోండి. డర్హమ్ మైనర్స్ గాలా, అంటే గని కార్మికుల ఉత్సవం, 1871 నుంచి జరుగుతోంది. గనులు లేకపోయినా ప్రతి ఊరూ తన పట్టు జెండాతో, బ్యాండుతో నడిచి వస్తుంది. ఆ ఏడాది గనిలో ఎవరైనా చనిపోతే జెండాకు నల్ల గుడ్డ కట్టేవారు. ఒక గని కార్మికుడు కట్టిన బాణీ ఉంది, మాటల్లేవు. అది మొదలవగానే అంత జనమూ టోపీలు తీసి నిలబడిపోతారు. నాకు ఒక్క ముఖమూ తెలియదు, అయినా గొంతు పట్టేసింది.

కృష్ణాతీరం | మరుసటి ఆదివారం, సాయంత్రం 7:15

షిఫ్టు మార్చారు డాక్టరు గారూ. నిన్న ఆ పంజరం దగ్గరికి వెళ్లి ఫోటో తీసి పెద్దాయనకు చూపించాను. అందులో ఎంతమంది ఎలా నిలబడేవారో చెప్పారు. తోటి కార్మికుడిని "మర్రా" అంటారట.

బొగ్గుట్ట గారూ, ఆయనకు మీ గురించి చెప్పాను. గోఫ్ అన్న మాట నా నోట వినగానే మంచం మీద లేచి కూర్చున్నారు. మీరు రాసింది మొత్తం చదివించుకున్నారు. మీకు ఒక ప్రశ్న పంపారు: "మర్రా, మీరు పనిచేసిన చోట పొర ఎంత మందం? నిలబడి చేసేవారా, పడుకునా?" ఆయన చేసిన కొన్నిచోట్ల మూడడుగులు కూడా లేదట.

బొగ్గుట్ట | మరుసటి ఆదివారం, రాత్రి 8:02

మూడడుగులా! ఆయనకు నా నమస్కారం చెప్పమ్మా. మాకు పొరలు మందం, నిలబడి చేయెత్తినా పైకప్పు అందని చోట్లున్నాయి. నడుము వంచే బాధ మాకు తక్కువ, పైనుంచి రాయి పడే భయం ఎక్కువ. కింద వేడికి చొక్కా విప్పేసేవాళ్లం. సద్ది మూటను ఎలుకలకు అందకుండా పైన వేలాడదీసేవాళ్లం.

నాదీ ఒక ప్రశ్న. నేను ఎప్పుడూ సముద్రం కింద పనిచేయలేదు. పైన అంత నీరుంటే కింద ఎలా తెలుస్తుంది? చప్పుడు వినిపించేదా?

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 9:30

అడిగాను. చప్పుడు ఏమీ ఉండదట. కొన్నిచోట్ల పైకప్పు నుంచి నీళ్లు కారేవట, పెదవుల మీద పడితే ఉప్పగా ఉండేవట. భోజనాన్ని వాళ్లు "బెయిట్" అంటారు, రేకు డబ్బాలో తీసుకెళ్లేవారట, అక్కడా ఎలుకల కోసమే. ఆ డబ్బా ఇంకా వంటింటి అరలో ఉంది. రేపు తీసి చూపించమన్నారు, మీకు ఫోటో పెడతాను.